స్కీలు తొడుక్కున్న డోర్నియర్

భారత నావికాదళానికి స్కీలున్న, అంటే మంచు మీద జారడానికి కాళ్లకి పొడుగాటి బద్దలు తొడిగిన, గస్తీ విమానం ఎప్పుడూ లేదు. మా ఇంట్లో మాత్రం ఒకటుంది. అడుగు మీద రెండంగుళాల రెక్కలు, నారింజ రంగు తోక, పొట్ట కింద ఏటికొప్పాక కుంకుమ భరిణె మూత. చూడ్డానికొచ్చినవాళ్లు "ఇది ఎక్కడి విమానమండీ?" అంటే "ఎక్కడిదీ కాదండీ" అనడం నాకు అలవాటైపోయింది.

మోడల్స్ కట్టేవాళ్లు ఇలాంటివాటిని వాట్-ఇఫ్ అంటారు. ఫలానా దేశం ఫలానా విమానం కొనుంటే, ఫలానా యుద్ధం ఇంకో రెండేళ్లు సాగుంటే అన్న ఊహ మీద కట్టే బొమ్మలు. వీటిలో ఎక్కువ శాతం ఏదో ఒక విమానానికి ఏదో ఒక దేశపు రంగులు పూసి పక్కన పెట్టేసేవే. నాకవి రుచించవు. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు కదా, ఆ అతుకు దగ్గరే ఉంది అసలు సరదా. ఈ పట్టింపు నాకు పుట్టుకతో రాలేదు, చీఫ్ మావయ్య అంటించి పెట్టాడు.

1997 నాటి మాట. విశాఖలో ఎన్.ఏ.డి. కొత్తరోడ్డు దగ్గర ఉండేవాళ్లం. నేను డిగ్రీ చదువుతున్నాను, అంటే పొద్దున కాలేజీకి పోయి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తున్నాను. ఊరి విమానాశ్రయమూ నేవీ వాళ్ల డేగా స్థావరమూ ఒకే రన్‌వే పంచుకునేవి. ప్రయాణికుల విమానాలు అరుదు, కాబట్టి ఆకాశంలో చప్పుడైందంటే నేవీదే అయ్యుండాలి. వాటిలో చిన్నపాటి గస్తీ విమానం డోర్నియర్‌ని డాబా ఎక్కకుండానే గుర్తుపట్టేవాణ్ణి. దాని రెండు గారెట్ ఇంజన్లది మామూలు హోరు కాదు, చెవిలో పిన్ను గుచ్చే కీచు. మా అమ్మ పప్పు తిరగమోత పెడుతూ "అదిగో నీ కీచుపిట్ట" అనేది.

అందమైన విమానమని ఎవరూ అనరు దాన్ని. పెట్టెలాంటి చదరపు ఒళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన ముంగిస మూతి. కానీ రెక్క చూడాలి. వీపు మీద ఒక్క పలకగా పరుచుకుని, చివర్లు వెనక్కి కోసుగా మళ్లి ఉంటుంది. 1981లో పశ్చిమ జర్మనీలో మొదటిసారి ఎగిరినప్పుడు ఆ రెక్కే దాని గొప్ప. 1983లో మన హెచ్.ఏ.ఎల్. (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) లైసెన్సు తీసుకుని కాన్పూరులో కట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత వాయుదూత్ విమానసంస్థ వాడింది, కోస్ట్‌గార్డ్ వాడింది, నేవీ వాడింది.

కిట్లు మాకు అందుబాటులో లేవు. ఎవరైనా విదేశాల నుంచి తెస్తే తప్ప ప్లాస్టిక్ విమానం మొహం చూడ్డమే గగనం. అందుకని నేను కట్టేవన్నీ చెక్కతో, అట్టతో, రేకుతో. లైబ్రరీలో పాత విమానాల పత్రికలు ఒక బీరువా నిండా ఉండేవి. ఎవరు విరాళం ఇచ్చారో గానీ వాటిని తీసేవాడిని నేనొక్కణ్ణే. అందులో ఒక దాంట్లో కనిపించింది ఆ ఫొటో. అంటార్కిటికాలో తెల్లటి మంచు మీద డోర్నియర్. కాళ్లకి స్కీలు.

జర్మనీ ధ్రువ పరిశోధన సంస్థ, ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ ఇన్‌స్టిట్యూట్, 1983 నుంచీ డోర్నియర్లకి స్కీలు పెట్టి మంచు మీద దింపుతోందని ఆ వ్యాసం. నేను మా డాబా మీద నుంచి చూసే కీచుపిట్టకి అక్కడ మంచు కాళ్లు! అదే వారంలో ఇంకెక్కడో మన అంటార్కిటికా యాత్రల గురించి చదివాను. 1981 డిసెంబర్‌లో గోవా నుంచి ఖాసిం గారి నాయకత్వంలో పోలార్ సర్కిల్ అనే నార్వే ఓడలో బయల్దేరిన మొదటి బృందం, 1983-84లో కట్టిన దక్షిణ గంగోత్రి స్థావరం, అది మంచులో కూరుకుపోతూంటే 1989లో రాతినేల మీద కట్టుకున్న మైత్రి. అన్నిటికీ ఓడలు, ఓడల మీద నేవీ చేతక్ హెలికాప్టర్లు. రెక్కల విమానం మాత్రం లేదు.

విమానం మనం కడుతున్నాం. దానికి స్కీలు పెట్టొచ్చని జర్మన్లు చూపించారు. మంచు ఖండంలో మనకి స్థావరం ఉంది. మూడు నిజాలు పక్కపక్కన కూర్చునేసరికి మధ్యలో ఒక అబద్ధానికి చోటు దొరికింది. నేవీ డోర్నియర్, గస్తీ రాడార్‌తో సహా, మైత్రి దగ్గర మంచు మీద వాలితే? వెంటనే ట్రేసింగ్ పేపరు కొనుక్కున్నాను.

చీఫ్ మావయ్య మాకు చుట్టం కాదు. మా పైవాటాలో ఉండేవాడు. సోంపేట దగ్గర పల్లెటూరు, పదిహేడో ఏట నేవీలో చేరి, విమానాల మెకానిక్‌గా పనిచేసి, చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాడు. మా నాన్న ఆయన్ని బావా అనేవాడు, ఆ లెక్కన నాకు మావయ్య, నేను అల్లుణ్ణి. సాయంత్రం బనీనుతో మెట్ల మీద కూర్చుని ట్రాన్సిస్టర్ వినేవాడు. ఆ ఏడాది జనవరి చివర్న విమానవాహక నౌక విక్రాంత్‌ని సర్వీసు నుంచి తప్పించేశారు. తర్వాత చాలాకాలం ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఓడ మీద అలిజే విమానాల పని చూసినవాడు మరి. కాబట్టి నేను ట్రేసింగ్ పేపరు పట్టుకుని మెట్ల మీదకి వెళ్లడం ఆయనకీ ఒక రకంగా కలిసొచ్చింది.

గీసింది చూశాడు. కళ్లజోడు పైకెత్తి మళ్లీ చూశాడు.

"ఏట్రా ఇది?"

"మన డోర్నియర్, మావయ్యా. అంటార్కిటికాలో గస్తీకి."

"అక్కడ గస్తీ ఏటి? ఎవడొస్తాడక్కడికి? పెంగ్విన్లు దండెత్తుతాయా?"

నేను సబ్‌మెరైన్లన్నాను. రెక్కల కింద రాకెట్లు కూడా గీసి ఉన్నాయి మరి. ఆయన వేలితో ఆ రాకెట్లని కొట్టేశాడు. "అక్కడికి ఆయుధాలు పట్టికెల్లకూడదు. ఒప్పందం ఉంది. సదువుకుని రా ఫో."

చదువుకుని వచ్చాను. నిజమే. 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందం మొదటి అధికరణంలోనే ఉంది: సైనిక చర్యలూ స్థావరాలూ ఆయుధ పరీక్షలూ అన్నీ నిషేధం. కానీ ఆ వెంటనే ఇంకో మాట ఉంది: శాస్త్ర పరిశోధనకో, మరో శాంతియుతమైన పనికో అయితే సైనికుల్నీ సైనిక సామగ్రినీ వాడుకోవచ్చు. మనం 1983లో ఆ ఒప్పందంలో చేరాం. నేవీ చేతక్‌లు ఆ తర్వాత అక్కడ ఎగిరింది ఆ వెసులుబాటుతోనే.

రాకెట్లు పోయాయి. గస్తీ మిగిలింది. మరి దేనికి గస్తీ? ఆ ప్రశ్నకి జవాబు ఆయనే అందించాడు. ఓడ మంచుసముద్రంలోకి వెళ్లాక ముందున్న మంచుపలకల మధ్య నీటిదారి ఎక్కడుందో వెతుక్కోవాలి. హెలికాప్టర్ లేపుతారు గానీ అదెంత దూరం పోతుంది? రాడార్ ఉన్న రెక్కల విమానం అయితే వందల కిలోమీటర్ల మంచు అంచుని చూసొచ్చి ఓడకి దారి చెప్పొచ్చు. "గస్తీ అంటే దొంగల్ని పట్టుకోడమే అనుకున్నావేట్రా" అన్నాడు. ఆ సాయంత్రంతో నా బొమ్మకి ఉద్యోగం దొరికింది.

ఇక కట్టడం. మా అమ్మమ్మగారిది యలమంచిలి దగ్గర ఊరు, అక్కణ్ణించి ఏటికొప్పాక దగ్గరే. వరాహనది ఒడ్డున లక్కబొమ్మలు చేసే ఊరది. వాళ్లు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, ముడులు లేకుండా ఉంటుంది. కత్తి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, పీచు లేవదు. విమానాల మోడళ్లకి బాల్సా అనే తేలిక కర్ర వాడాలని పుస్తకాల్లో రాస్తారు. బాల్సా మాకెక్కడ దొరుకుతుంది? అంకుడు దానికంటే బరువే, కానీ ఎగరని బొమ్మకి బరువుతో పనేముంది. పైగా దాని మీద రంగు ఎంత నున్నగా కూర్చుంటుందో లక్కబొమ్మ పట్టుకున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సెలవులకి వెళ్లినప్పుడు తాతయ్య నాలుగు దుంగముక్కలు ఇప్పించాడు. పచ్చికర్ర పగుల్తుందని మళ్లీ వేసవి దాకా అటకమీద ఆరబెట్టించాడు చీఫ్ మావయ్య. ఇరవై ఏళ్లవాడికి అది ఎంత శిక్షో ఊహించుకోండి.

స్కేలు 48కి 1. అది కూడా ఆయన నిర్ణయమే, పావంగుళానికి ఒక అడుగు అని లెక్క తేలిగ్గా కుదురుతుందని. డోర్నియర్ పొడవు, రెక్కల వెడల్పు రెండూ 17 మీటర్లకి కాస్త తక్కువే. ఆ లెక్కన బొమ్మ దాదాపు 14 అంగుళాలు అటూ ఇటూ. ఒళ్లు చదరం కాబట్టి చిత్రిక పట్టడం సులువైంది. మూతి మాత్రం ఏడిపించింది. రెండు పక్కలా ఒకేలా రావాలి, పైన అద్దాల దగ్గర విరుపు రావాలి. ఉప్పుకాగితం పెన్సిలుకి చుట్టి రుద్దాను. ప్రొపెల్లర్లకి పౌడరు డబ్బా రేకు, ఒక్కో దానికి నాలుగు ఆకులు, ప్రతి ఆకుకీ మెలి. సందుల్లో లప్పం. ఇవన్నీ బొమ్మలు కట్టే ప్రతివాడూ పడే పాట్లే, వదిలేస్తాను.

స్కీల సంగతి వేరు. నేను ఫొటో చూసి కంటికి నచ్చినంత పొడవు గీశాను. మావయ్య ఒప్పుకోలేదు.

"ఇంతే ఎందుకు? ఇంకొంచెం పొడుగెందుకు కాకూడదు? పొట్టెందుకు కాకూడదు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన నోటుపుస్తకం తీశాడు. మెత్తటి మంచు మీద బూటేసుకున్న మనిషి నిలబడితే ఎంత దిగుతాడు? కాస్తంత. విమానం కూడా అంతకంటే ఎక్కువ దిగకూడదు. మనిషి బరువు 154 పౌన్లనుకో. రెండు బూట్ల అడుగులూ కలిపి డెబ్బై చదరపు అంగుళాల పైన. అంటే చదరపు అంగుళానికి రెండు పౌన్ల పైచిల్లర. డోర్నియర్ నిండు బరువు 5,700 కిలోలు, అంటే పన్నెండున్నర వేల పౌన్లు. వెనక రెండు స్కీలు ఒక్కోటి ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు వేస్తే రెండూ కలిపి 32 చదరపు అడుగులు. ముక్కు కింది స్కీ నాలుగడుగులు, అడుగున్నర, అదో ఆరు. మొత్తం 38. భాగిస్తే చదరపు అడుక్కి 330 పౌన్లు. దాన్ని 144తో భాగిస్తే రెండు పౌన్ల పైచిల్లర.

"సూశావా! మనిషీ ఇమానం ఒకటే దిగుతాయి." ఆయన మొహంలో ఆ వెలుగు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. అలా నా బొమ్మ వెనక స్కీ రెండంగుళాల పొడవు, అరంగుళం వెడల్పు అయింది.

దాన్ని వెదురుతో చేశాను. ముదురు వెదురు బద్దని అరంగుళానికి చీల్చి, లోపలి మెత్తటి భాగం గీకేసి, పైతొడుగు మాత్రం అట్టంత మందం మిగిల్చాను. వేడినీళ్లలో నానబెట్టి, కొవ్వొత్తి సెగ మీద కొసని మెల్లగా పైకి వంచాలి. సెగ తగ్గితే వంగదు, ఎక్కువైతే నల్లబడుతుంది. సరిగ్గా వంగే క్షణంలో వెదురులోంచి చిన్న చెమ్మ పైకి తేలుతుంది, తీపి వాసన వస్తుంది. అప్పుడు ఊపిరి బిగబట్టి వంచి, గాజు సీసాకి దారంతో కట్టేసి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున దారం విప్పితే కొస అలాగే నిలబడి ఉంటుంది. ఆ స్కీలని ఇప్పుడు చూసినా నాకు మొత్తం బొమ్మలో అవే ఇష్టం.

అయితే ఇది గోవాలోనో విశాఖలోనో లేస్తే? రన్‌వే మీద స్కీలతో పరిగెత్తదు కదా. దానికీ ఒక పద్ధతుంది. స్కీ మధ్యలో చీలిక పెట్టి, టైరు అందులోంచి కొంచెం కిందికి తొంగిచూసేలా అమరుస్తారు. గట్టి నేల మీద టైరు ఆనుతుంది, మెత్తటి మంచులో టైరు దిగబడి స్కీ బరువు మోస్తుంది. అరంగుళం వెదురులో ఆ చీలిక కోయడానికి ఎర్రగా కాల్చిన దబ్బనం, సగం బ్లేడు వాడాను. డోర్నియర్ వెనక చక్రాలు మామూలుగా ఒంటి పక్కనున్న ఉబ్బుల్లోకి ముడుచుకుంటాయి. ఎనిమిదడుగుల స్కీ పట్టుకుని ముడుచుకోలేవు కాబట్టి నా విమానం కాళ్లు చాపుకునే ఎగురుతుందని రాసుకున్నాం. వేగం తగ్గుతుంది, ఆయిలు ఎక్కువ తాగుతుంది. తాగనీ.

స్కీకి ముందొక తీగ, వెనకొక తీగ, ముందువైపు రబ్బరు తాడు కూడా ఉండాలన్నాడు మావయ్య. గాలిలో స్కీ ముక్కు కిందికి వాలితే గాలి దాన్ని ఇంకా కిందికి తోస్తుంది, విమానం మూతి కూడా దానితోపాటే పోతుంది. అందుకని రబ్బరు తాడు ముక్కుని పైకి లాగి పట్టుకోవాలి, అది తెగినా తీగ ఆపాలి. ఫిషింగ్ హార్బరుకి వెళ్లి వలలు అల్లేవాళ్ల దగ్గర సన్న నైలాను దారం తెచ్చాను. డబ్బులు తీసుకోలేదు వాళ్లు, ఎందుకని మాత్రం అడిగారు. విమానానికని చెబితే నవ్వారు.

అన్నిటికంటే పెద్ద తగువు రాడార్ దగ్గర వచ్చింది. గస్తీ డోర్నియర్ పొట్ట కింద రాడార్ని కప్పే గుండ్రటి తొడుగు, రాడోమ్, ఉంటుంది. దానికి సరిపోయే ఆకారం కోసం ఇల్లంతా వెతికితే పూజగదిలో దొరికింది, ఏటికొప్పాక కుంకుమ భరిణె. మూత సరిగ్గా కావలసిన గుండ్రం. అమ్మ ఊరుకోలేదు. ఆఖరికి "మూత తీసుకో, భరిణె నాకుంచు" అన్నది. చాలా ఏళ్లు ఆ భరిణె మీద కాగితం ముక్క కప్పి ఉండేది.

మూత అతికించబోతుంటే మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. "రెండు స్కీల మద్దెన అది ఏలాడతా ఉంటే, దిగినప్పుడు మంచంతా దానికే కొడతాది. ఒక్క దిగుడికే పగిలిపోద్ది."

మూతి మీదకి మార్చుదామన్నాను. మూతిలో అంత చోటు లేదన్నాడు. వీపు మీద పెడదామన్నాను, రెక్క అడ్డన్నాడు. రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. మూడో రోజు ఆయనే కిందికి దిగొచ్చాడు. అలిజే సంగతి చెప్పాడు. ఆ ఫ్రెంచి విమానం పొట్టలో రాడార్ ఉండేది, దిగేటప్పుడు లోపలికి లాక్కునేవాళ్లు, వెతికేటప్పుడు కిందికి దింపేవాళ్లు. 1971లో విక్రాంత్ బంగాళాఖాతంలో ఉన్నప్పుడు ఆ అలిజేలే ఓడ చుట్టూ సముద్రాన్ని గాలించాయి. "మా దాన్లాగే నీ దానికీ ఎత్తీ దించీ ఏర్పాటు పెట్టు. లోపల రెండు సీట్లు పోతాయి. పోనీ."

అలా కాన్పూరు విమానానికి, జర్మన్ స్కీలకి, విక్రాంత్ మీద ఎగిరిన ఫ్రెంచి ఉపాయం జోడయింది. కుంకుమ మూత వెనక ఒక గుండ్రటి పుల్ల తగిలించి, ఒంట్లో రంధ్రం తొలిచి, పైకీ కిందికీ జరిగేలా చేశాను. ఇప్పటికీ జరుగుతుంది, కాస్త బిగుసుకుంది అంతే. నిజం విమానంలో ఇది సాధ్యమా అని ఇంజనీర్లెవరైనా అడిగితే వాదించను. ఆ పొట్ట నేల కింద ఎన్ని గొట్టాలుంటాయో నాకూ తెలుసు. కానీ మా వాదనకి మా దగ్గర చరిత్ర ఉంది, అది చాలనుకున్నాం.

రంగు విషయంలో మాత్రం ఏకాభిప్రాయం. మంచులో కూలిన విమానం వెతికేవాళ్లకి కనబడాలి, కాబట్టి తోకా రెక్క చివర్లూ నారింజ. అమెరికా నేవీ కూడా తన అంటార్కిటికా విమానాలకి అలాగే వేసేది. ఎరుపు, పసుపు ఎనామిల్ కలిపి తయారుచేశాం. అప్పుడు వచ్చింది చిక్కు. మన వలయం గుర్తులో బయటి వరస కాషాయం. నారింజ రెక్క మీద పెడితే కాషాయం కరిగిపోయి, తెలుపూ ఆకుపచ్చా మాత్రమే మిగుల్తున్నాయి. దూరం నుంచి చూస్తే వేరే ఏ దేశానిదో అనిపిస్తుంది! చుట్టూ సన్నటి తెల్లగీత గీసి విడదీశాను. కంపాస్ ముల్లుకి రంగు అద్ది గీసిన ఆ గీత చూపించి నేను ఈరోజుకీ గర్వపడతాను. అక్షరాలు లెట్రాసెట్ రుద్ది అంటించినవి. హిందీలో నౌసేనా అని మాత్రం చేత్తోనే రాశాను.

అడుగున పలక మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, గట్టిపడకముందే చెంచాతో గాలి దిక్కుగా గీకి, మంచుబయళ్ల మీద గాలి చెక్కే గట్లు చేశాను. వాటిని సస్త్రూగి అంటారు. వాటి మీద విమానాన్ని నిలబెట్టబోయాను. మావయ్య అగ్గిపెట్టె తీసి పుల్లలు విరుస్తున్నాడు.

"స్కీల కింద పెట్టు. పలకలు."

దాని వెనక కథ కూడా చెప్పాడు. 1956 అక్టోబర్ 31న అమెరికన్లు దక్షిణ ధ్రువం మీద మొదటిసారి విమానం దింపారు. స్కీలు పెట్టిన డకోటా, పేరు కే సెరా సెరా. 49 నిమిషాలున్నారు. తిరిగి లేద్దామంటే కదల్లేదు. స్కీల రాపిడికి మంచు పైపొర కరిగి, ఆగగానే మళ్లీ గడ్డకట్టి, స్కీల్ని పట్టేసుకుంది. ఇంజన్లు పూర్తిగా పెంచినా లాభం లేకపోతే, ఒంటికి కట్టిన రాకెట్లు వెలిగించి ఆ తోపుతో పైకి లేచారు. అందుకే ఎక్కువసేపు ఆపాల్సి వస్తే స్కీల కింద పలకలు వేస్తారు. నా బొమ్మ పెట్టిన పలక దగ్గరగా చూస్తే వెదురు స్కీల కింద అడ్డంగా విరిచిన అగ్గిపుల్లలు కనబడతాయి. ఇది ఏమిటని అడిగినవాళ్లు తక్కువ. అడిగితే మాత్రం వాళ్లు కదిలేలోగా కనీసం ఒక కాఫీ అయిపోతుంది.

అంతా అయ్యాక తెలిసిన సంగతొకటుంది, అది ముందే తెలిస్తే ఏ మనసుతో కట్టేవాణ్ణో. ఆ జర్మన్ డోర్నియర్లలో పోలార్ 3 అనే దాన్ని 1985 ఫిబ్రవరి 24న, అంటార్కిటికా నుంచి ఇంటికి తిరిగొస్తుండగా, పశ్చిమ సహారా దగ్గర, ఆ నేల స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న పొలిసారియో గెరిల్లాలు కూల్చేశారు. అందులో ఉన్న ముగ్గురూ చనిపోయారు. మంచునీ తుఫానుల్నీ దాటొచ్చిన విమానం తమది కాని యుద్ధంలో పోయింది. మావయ్యకి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత బొమ్మ తోకకి ఎడమవైపు చిన్నగా 3 అని రాయమన్నాడు. రాశాను.

తర్వాత నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను. హబ్సిగూడలో అద్దెకున్నాం. ఆఫీసు బస్సు రోజూ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్.జి.ఆర్.ఐ., ముందు నుంచే పోయేది. దక్షిణ గంగోత్రి కట్టిన మూడో యాత్రకి నాయకుడు హర్ష్ గుప్తా గారు తర్వాత ఆ సంస్థకి డైరెక్టర్‌గా ఉన్నారని, మైత్రిలో భూకంపాలు నమోదు చేసే కేంద్రం నడిపేది ఆ సంస్థేనని బస్సులో పక్క సీటువాళ్లకి చాలామందికి చెప్పాను. వాళ్లు పాపం వినేవాళ్లు. బొమ్మ విశాఖలోనే ఉండిపోయింది. హుద్‌హుద్ తుఫానుకి కిటికీ అద్దాలు పగిలి గదిలో వాన కొట్టింది, అడుగునున్న ప్లాస్టర్ మంచు ఒక మూల ఊడిపోయింది, ముక్కు కింది స్కీ ఎటో పోయింది. అంకుడు కర్ర మాత్రం ఉబ్బలేదు, పగల్లేదు. కొత్త స్కీ చేయడానికి ఈసారి వెదురు కోసం ఊరంతా తిరగాల్సి వచ్చింది.

మోడల్స్ కట్టే కుర్రాళ్లు ఇప్పుడు కంప్యూటర్లో గీసి త్రీడీ ప్రింటర్లో స్కీలు తీసేస్తున్నారు. చక్కగా వస్తున్నాయి. నాకు అసూయేం లేదు. సైజు ఎలా నిర్ణయించావని అడుగుతాను, అంతే. చాలామంది "ఫొటోలో అలాగే ఉంది సార్" అంటారు. ఒకరిద్దరు మాత్రం తర్వాత వారం లెక్క వేసుకుని వస్తారు. వాళ్లతో స్నేహం కుదురుతుంది.

2017 మార్చిలో నేవీ తన టుపొలెవ్ 142 గస్తీ విమానాలని అరక్కోణంలో విశ్రాంతికి పంపింది. అందులో ఒకటి విశాఖ బీచ్ రోడ్డుకి వచ్చింది, కురుసుర జలాంతర్గామికి ఎదురుగా మ్యూజియం చేశారు. సంక్రాంతికి వెళ్లినప్పుడు మావయ్యని తీసుకెళ్లాను. అప్పటికి ఎనభైకి దగ్గర్లో ఉన్నాడు, చేతికర్ర వచ్చింది, గొంతు మాత్రం తగ్గలేదు. విమానం చుట్టూ మెల్లగా ఒక ప్రదక్షిణం చేశాడు. వెనక్కి వాలిన ఆ రెక్కల కింద, ఎదురూ బొదురూ తిరిగే ప్రొపెల్లర్ల కింద నిలబడి పైకి చూశాడు. నేను ఫొటో తీస్తున్నాను.

"అల్లుడూ, దీనికెయ్యరా స్కీలు."

ఫోనులో లెక్క చూశాను. టుపొలెవ్ నిండు బరువు 185 టన్నులు, నాలుగు లక్షల పౌన్ల పైమాటే. మన పాత లెక్క ప్రకారం చదరపు అడుక్కి 330. అంటే పన్నెండు వందల ముప్పై చదరపు అడుగుల స్కీలు కావాలి.

"గజాల్లో సెప్పు."

"నూట ముప్పై ఏడు గజాలు, మావయ్యా."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, కర్రతో టైరుని తట్టాడు. "మధురవాడలో గజం ఎంతుందో తెలుసా నీకు? ఇమానం ఇక్కడే ఒగ్గేసి, ఆ స్కీల మీద డాబా ఏసుకో."